లీటరుకు పదకొండు పైసలు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి "సుబేదార్ సాబ్, ముప్పై ఏళ్ళు మెడికల్ కోర్‌లో చేశారు గదా, ఆరోగ్యం మీద ఓ పావుగంట మాట్లాడండి" అన్నారు. బీపీ గురించో, షుగర్ గురించో చెప్తాననుకుని ఉంటారు. అవి చెప్పడానికి మనలో డాక్టర్లే ఉన్నారు. నేను ఇంటర్మీడియట్ బైపీసీతో భర్తీ అయినవాణ్ణి. నర్సింగ్ అసిస్టెంట్‌గా మొదలుపెట్టి సుబేదార్‌గా పెన్షన్ వచ్చినవాణ్ణి. నా చదువుకి అందిన ఒకే ఒక్క విషయం ఈరోజు మనవి చేస్తాను. కలకత్తాలో సర్కారు బోధనాసుపత్రుల్లో మొదలైన ఒక పరిశోధన సంగతి అది. అది మా ఇంటికి చేరడానికి ఎంత ఆలస్యమయిందో కూడా చెప్తాను.

మాది గిద్దలూరు దగ్గర పల్లె. మా వైపు చాలా ఇళ్ళల్లో ఒకరైనా ఫౌజులో ఉంటారని మీకు తెలిసిందే. 1979 ఎండాకాలం. నాకు పదేళ్ళు. మా చెల్లెలికి ఏడాదిన్నర. అప్పుడప్పుడే మాటలొస్తున్నాయి. ఒకరోజు పొద్దున వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మధ్యాహ్నానికి పిల్ల తోటకూర కాడలా వాలిపోయింది. చెంబు కనబడితే చాలు చెయ్యి చాపేది. మా అవ్వ "నీళ్ళు పోస్తే నీళ్ళే పోతాయి, ఒక్క చుక్క పొయ్యొద్దు" అంది. మా అమ్మ చెంబు తీసి పిల్లకి కనబడకుండా తలుపు వెనక పెట్టింది. సాయంత్రానికి కళ్ళు గుంటలు పడ్డాయి. ఏడుస్తోంది గానీ కన్నీళ్ళు రావడం లేదు. రాత్రి బండి కట్టుకుని బయల్దేరాం. తెల్లవారకముందే, టౌను ఇంకా దూరముండగానే, అయిపోయింది.

మా అవ్వ చెడ్డది కాదు. ఆ పిల్లంటే ప్రాణం. తనకి తన పెద్దలు చెప్పింది చెప్పింది. ఊళ్ళో అందరూ "దాని ఆయుష్షు అంతే" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

1988లో భర్తీ అయ్యాను. లక్నో సెంటర్‌లో ట్రైనింగ్. 1995లో కలకత్తా పోస్టింగ్ వచ్చింది. అక్కడ ఒక బెంగాలీ మేజర్ సాబ్ ఉండేవారు. వారానికొకసారి మాకు క్లాసు తీసుకునేవారు. ఒకరోజు ఓఆర్‌ఎస్ పొట్లం చేత్తో పట్టుకుని వచ్చి, "ఇది ఎక్కడ పుట్టిందో ఎవరైనా చెప్తారా?" అని అడిగారు. ఒకరు అమెరికా అన్నారు, ఒకరు ఇంగ్లండ్ అన్నారు. నేను రష్యా అన్నాను. ఆయన నవ్వి, "ఈ కిటికీలోంచి చూడండి, ఈ ఊళ్ళోనే దీని పునాది పడింది" అన్నారు. ఆయన నీల్‌రతన్ సర్కార్ వైద్య కళాశాలలో చదువుకున్నవారు. తర్వాత ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని సియాల్దా స్టేషన్ దగ్గరున్న ఆ కాలేజీ చూపించారు. మన కర్నూలు పెద్దాసుపత్రి లాంటిదే. వరండాల్లో జనం, నేలమీద పడకలు, సత్తు గిన్నెల్లో అన్నం తెచ్చుకున్న చుట్టాలు. "ప్రపంచాన్ని మార్చిన పని ఇలాంటి చోట జరిగింది, గుర్తుపెట్టుకో" అన్నారు మేజర్ సాబ్.

ఆ పని ఏమిటో ఇప్పుడు చెప్తాను.

కలరా క్రిమిని జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్ 1884లో కలకత్తాలోనే నిర్ధారించాడు. ఆ క్రిమి ఏదో విషం వదులుతుందని కూడా ఆయన ఊహించాడు. కానీ ఆ తర్వాత డెబ్బై ఏళ్ళపాటు ఆ విషాన్ని ఎవరూ పట్టుకోలేకపోయారు. కారణం, క్రిమిని జంతువుల రక్తంలోకో, పొట్ట కుహరంలోకో ఎక్కించి చూసేవారు. జబ్బు పేగుల్లో వస్తే వెతుకులాట మరోచోట జరిగింది. శత్రువు ఒక పోస్టులో ఉంటే పెట్రోల్‌ని ఇంకో కొండకి పంపినట్టన్నమాట. పేగు లోపలి పొర మొత్తం ఊడిపోతుందని, అందుకే నోటితో ఏమిచ్చినా ఒంటబట్టదని డాక్టర్లలో ఒక బలమైన నమ్మకం ఉండేది. మా అవ్వ నమ్మకానికీ దానికీ పెద్ద తేడా లేదు, చూడండి.

అప్పుడు వచ్చారు డాక్టర్ శంభునాథ్ దే. హుగ్లీ జిల్లా పల్లెటూరి మనిషి, 1915లో పుట్టారు. లండన్‌లో పీహెచ్‌డీ చేసి, 1949లో తిరిగొచ్చి నీల్‌రతన్ సర్కార్ కాలేజీలో చేరారు. ఊరినిండా కలరా. వార్డునిండా రోగులు. ఆయన చేసిన ప్రయోగం మీలో ఎవరికైనా అర్థమవుతుంది. మత్తిచ్చిన కుందేలు చిన్నపేగును రెండు చోట్ల దారంతో కట్టి ఒక ముడిలా చేశారు. అందులోకి కలరా క్రిములున్న ద్రవం ఎక్కించారు. పక్కన మరో ముడి కట్టి, క్రిమి లేని ద్రవం ఎక్కించారు. మర్నాటికి క్రిములున్న ముడి గంజి లాంటి నీళ్ళతో ఉబ్బిపోయింది. రెండోది మామూలుగా ఉంది. ఈ పని 1953లో అచ్చయింది. తర్వాత ఆయన కలకత్తా వైద్య కళాశాలలో ప్రొఫెసర్ అయ్యారు. 1959లో ఇంకో అడుగు వేశారు. క్రిములన్నిటినీ వడకట్టేసి, మిగిలిన తేట మాత్రమే ఎక్కించారు. అయినా ముడి ఉబ్బింది. అంటే క్రిమి లేకపోయినా అది వదిలిన విషమే పేగుచేత నీళ్ళు కక్కిస్తోందని రుజువైంది. ఆ ఏడాదే బొంబాయి హాఫ్‌కిన్ సంస్థలో దత్తా గారి బృందం కుందేలు పిల్లల మీద ఇదే విషయం చూపించింది.

1960లో బాంగ్‌కాక్ రోగుల పేగు ముక్కలు పరీక్షించి, పేగు పొర ఊడిపోవడం లేదని ఇంకొందరు తేల్చారు. అంటే గోడ కూలిపోలేదు. గేటు మాత్రమే పాడై, లోపలి నీరు బయటికి పోతోంది. మరి నీళ్ళు లోపలికి పంపే దారి? అదే ఏడాది రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ఆ సంగతి చెప్పాడు. ఉప్పు, గ్లూకోజు కలిసి వస్తే పేగు రెంటినీ లోపలికి తీసుకుంటుంది, వాటి వెనకే నీరు వెళ్తుంది. మన గార్డ్‌రూమ్ లాంటిదే. ఉప్పు ఒంటరిగా వస్తే సంత్రీ అంత సులువుగా పోనివ్వడు. గ్లూకోజు ఎస్కార్టుగా ఉంటే గేటు తీస్తాడు. కలరా విషం ఈ గేటుని పాడుచెయ్యలేదు. కీలకమంతా ఇక్కడే ఉంది.

ఇంకో మాట. దే గారి మొదటి పని అచ్చయిన 1953లోనే, కలకత్తా చిత్తరంజన్ ఆసుపత్రిలో డాక్టర్ హేమేంద్రనాథ్ ఛటర్జీ 186 మంది కలరా రోగులకు నోటితోనే గ్లూకోజు, ఉప్పు కలిపిన నీళ్ళిచ్చి బాగుచేశానని ఇంగ్లండ్ పత్రిక లాన్సెట్‌లో రాశారు. మరీ తీవ్రంగా లేని కేసులే అవి. లెక్కలు, కొలతలు చాలినన్ని లేవని బయటి ప్రపంచం దాన్ని పట్టించుకోలేదు. ఢాకాలోని కలరా పరిశోధనశాల ఆసుపత్రిలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు యువ డాక్టర్లు, తమ బెంగాలీ సహచరులతో కలిసి, ఎంత పోయింది, ఎంత తాగించాం అని గ్లాసు గ్లాసు కొలిచి, 1968లో రుజువు చేశారు. నోటితో ఇచ్చే ద్రవంతో సెలైన్ అవసరం దాదాపు ఎనభై శాతం తగ్గింది.

ఇక 1971. ఆ ఏడాది తూర్పు సరిహద్దులో ఉన్న పెద్దలు మన సంఘంలోనూ ఉన్నారు. కోటిమంది దాకా శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. జెస్సోర్ రోడ్డు మీద, సరిహద్దు పక్కనే బన్‌గావ్ ఉంది. జూన్‌లో అక్కడ శిబిరాల్లో కలరా విజృంభించింది. కలకత్తాలో పరిశోధన చేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబీస్ తన బృందంతో అక్కడి ఆసుపత్రికి వెళ్ళారు. రెండు గదులు, పదహారు మంచాలు. నేలమీద కాలు పెట్టడానికి సందు లేకుండా రోగులు. సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. సీసాలున్నా ఎక్కించేవాళ్ళు లేరు.

అప్పుడాయన ముందు రెండు దారులున్నాయి. నోటి ద్రవం పరిశోధనాసుపత్రుల్లో, నిపుణుల కనుసన్నల్లో మాత్రమే వాడినది. శిబిరంలో, ఏ శిక్షణా లేని చుట్టాల చేతికి ఇచ్చి తాగించమనడం అంతవరకూ పెద్దఎత్తున ఎవరూ చేసి చూడలేదు. బెడిసికొడితే బాధ్యత ఆయనదే. ఆర్డరు కోసం ఎదురుచూడొచ్చు. ఎదురుచూస్తే ఎదురుగా ఉన్నవాళ్ళు పోతారు. ఆయన రెండో దారి పట్టారు. కలకత్తాలో లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల సోడా బైకార్బొనేట్ చొప్పున తూచి, ప్లాస్టిక్ సంచుల్లో కట్టి తెప్పించారు. డ్రమ్ముల్లో కలిపారు. తల్లులకి, అన్నలకి, మొగుళ్ళకి కప్పులిచ్చి తాగించమన్నారు. ఖర్చు లీటరుకు 11 పైసలు.

ఆ ఎనిమిది వారాల్లో 3,700 మందికి పైగా ఆయన బృందం చేతుల్లో చికిత్స పొందారు. అంతకుముందు నూటికి ముప్పైమంది పోతున్న చోట మరణాలు నూటికి నలుగురి లోపుకి, 3.6 శాతానికి దిగాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థలో పనిచేస్తున్న డాక్టర్ ధీమాన్ బారువా శిబిరానికి వచ్చి కళ్ళారా చూసి, ఈ పద్ధతిని లోకానికి చేర్చడానికి పూనుకున్నారు. 1978లో లాన్సెట్ పత్రిక దీన్ని ఆ శతాబ్దంలోనే అతి ముఖ్యమైన వైద్య ముందడుగు కాగలదని రాసింది. ఇప్పటికి ఐదు కోట్లకు పైగా ప్రాణాలు ఓఆర్‌ఎస్ వల్ల నిలిచాయని అంచనా.

దే గారికి బతికుండగా దేశంలో పెద్ద బిరుదులేవీ రాలేదు. 1978లో స్వీడన్‌లో కలరా మీద జరిగిన నోబెల్ సదస్సుకి మాత్రం పిలిచారు. 1985లో పోయారు. మహలనబీస్ గారు 2022 అక్టోబరులో పోయారు. ఆయనకి 2023లో, పోయాక, పద్మవిభూషణ్ వచ్చింది. నాకు మాత్రం ఇంకొకళ్ళు గుర్తొస్తారు. ఆ కలకత్తా వార్డుల్లో, ఢాకాలో, బన్‌గావ్ నేలమీద పడుకుని, తాగింది కొలవనిచ్చిన, పోయింది కొలవనిచ్చిన రోగులు. వాళ్ళ పేర్లు ఏ పత్రికలోనూ ఉండవు. పేదవాళ్ళు. సర్కారు ఆసుపత్రికి కాక వేరే చోటికి పోలేనివాళ్ళు. మన పిల్లలు బతకడంలో వాళ్ళకీ వాటా ఉంది.

ఇప్పుడు తేదీలు చూడండి. బన్‌గావ్ 1971. మా చెల్లెలు 1979. మేజర్ సాబ్ క్లాసులో ఈ లెక్క నా బుర్రలో పడినప్పుడు, మిగతా క్లాసు నాకు వినబడలేదు. ఎనిమిదేళ్ళు. కలకత్తా నుంచి గిద్దలూరు రెండు రోజుల రైలు ప్రయాణం. ఆ మాట రావడానికి ఎనిమిదేళ్ళు చాలలేదు.

1999 అక్టోబరు 29న ఒరిస్సాని పెనుతుపాను ముంచెత్తిందని మీ అందరికీ తెలుసు. దాదాపు పదివేల మంది పోయారు. మా డిటాచ్‌మెంట్‌ని జగత్‌సింగ్‌పూర్ వైపు పంపారు. బావుల్లో ఉప్పునీళ్ళు, పశువుల కళేబరాలు. వారం తిరక్కముందే విరేచనాలు మొదలయ్యాయి. మేం లంగరు డేగిశాల్లో నీళ్ళు మరగబెట్టి, చల్లార్చి, పొట్లాలు కలిపి స్కూలు వరండాలో పెట్టాం. ఒక రాత్రి ఓ తల్లి రెండేళ్ళ పిల్లాణ్ణి తెచ్చింది. వెనకే ముసలమ్మ. నేను చెంచా నోటిదాకా తీసుకెళ్తే ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని ఏదో అంది. నాకు ఒరియా అంతంతమాత్రం. అయినా ఆ ముక్క అర్థమయింది. మా అవ్వ అన్న మాటే.

నేను ఆవిణ్ణి కోప్పడలేదు. "అమ్మా, ఒక్క చెంచా" అని సైగ చేశాను. వాంతి చేసుకున్నాడు. పది నిమిషాలు ఆగాను. మళ్ళీ ఒక చెంచా. రెండు నిమిషాలకొకటి. అర్ధరాత్రి తర్వాత చెంచా తల్లి చేతికిచ్చాను. తెల్లవారుజామున ముసలమ్మే ఆ చెంచా తీసుకుని పట్టసాగింది. పొద్దున పిల్లాడు ఒంటేలు పోశాడు. మెడికల్ కోర్‌లో చేసినవాళ్ళకి తెలుసు, అంతకు మించిన శుభవార్త ఉండదు.

ఆ తర్వాత సెలవు మీద ఇంటికెళ్ళినప్పుడు ఈ సంగతి అమ్మకి చెప్పాను. గొప్పగానే చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగింది.

"అందులో ఏముంటుందిరా?"

"ఉప్పు, గ్లూకోజు. అవి లేకపోతే ఇంట్లో చక్కెరయినా ఫరవాలేదమ్మా."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అంది: "ఆ ఉప్పూ చక్కెరా ఆ పొద్దు మనింట్లో ఉన్నాయి గదరా."

నా దగ్గర జవాబు లేదు. చెప్పకుండా ఉండాల్సిందేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఇరవై ఏళ్ళు "ఆయుష్షు అంతే" అనుకుని నెమ్మదించిన మనిషికి, చెంబు తలుపు వెనక పెట్టింది తన చెయ్యే అని నేనే గుర్తుచేసినట్టయింది. కానీ నేను తిరుగు ప్రయాణమయ్యే రోజు అమ్మ "ఆ పొట్లాలు కొన్ని తెచ్చియ్యి" అని అడిగింది. అప్పటినుంచి మా వీధిలో ఏ పిల్లకి విరేచనాలు పట్టుకున్నా ముందు మా అమ్మ వెళ్ళేది, చెంచా, గిన్నె తీసుకుని. పోయేదాకా వెళ్ళింది.

అందుకే ఈ నాలుగు మాటలు ఇంటికి పట్టుకెళ్ళమని మనవి చేస్తున్నాను.

ఒకటి. విరేచనాలు పట్టుకున్న పిల్లకి నీళ్ళు, తల్లిపాలు, తిండి ఏవీ ఆపొద్దు. పొట్లం మీద లీటరు అని ఉంటే పూర్తి లీటరు మంచినీళ్ళలోనే కలపాలి. గ్లాసులో సగం పొట్లం, రుచి కోసం ఇంకాస్త చక్కెర, ఇలాంటివి చెయ్యొద్దు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. పొట్లం దొరక్కపోతే లీటరు నీళ్ళకి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

రెండు. చెంచా చెంచాగా పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలాగి మళ్ళీ మొదలుపెట్టాలి. డాక్టరు జింకు మాత్ర ఇస్తే విరేచనాలు తగ్గినా పద్నాలుగు రోజులూ వెయ్యాలి.

మూడు. పిల్ల మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, విరేచనంలో రక్తం పడినా, ఒంటేలు ఆగిపోయినా ఆసుపత్రికి పరుగెత్తాలి. దారిలో కూడా తాగగలిగితే పడుతూనే ఉండాలి. మన పల్లెల్లో ఇప్పటికీ "గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తేనే వైద్యం" అన్న భ్రమ ఉంది. తాగగలిగిన పిల్లకి సూది అక్కర్లేదు. తాగలేని పిల్లకి సూది తప్పదు. ఈ తేడా తెలిస్తే చాలు.

నాలుగు. కొనేటప్పుడు పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చదవండి. 2002 నుంచి ఆ ఫార్ములాలో లీటరుకు గ్లూకోజు పదమూడున్నర గ్రాములే. అట్టపెట్టెల్లో ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని అమ్మిన తీపి పానీయాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. అంత తీపి పేగులోకి మరింత నీరు లాగుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. మన హైదరాబాద్ పిల్లల డాక్టరమ్మ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి దీనిమీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ ఫార్ములా లేని పానీయాలకు ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడకూడదని ఆదేశించింది. మనమూ కళ్ళు తెరిచి కొనాలి.

మనం సైనికులం. తుపాకి ఎంత మంచిదైనా, తూటా చివరి పోస్టుకి చేరకపోతే దండగని మనకి ఒకరు చెప్పక్కర్లేదు. దే గారు, ఛటర్జీ గారు, మహలనబీస్ గారు తమ వంతు చేశారు. కలకత్తా వార్డు నుంచి మన ఊరి చివరి ఇంటిదాకా మొయ్యాల్సిన బరువు మనలాంటివాళ్ళది. ఐదేళ్ళలోపు పిల్లల్ని తీసుకుపోతున్న జబ్బుల్లో విరేచనాలు ఇప్పటికీ ముందు వరుసలోనే ఉన్నాయి. సెలవు మీద వెళ్ళేటప్పుడు క్యాంటీన్ సామానుతో పాటు నాలుగు పొట్లాలు పెట్టెలో వేసుకోండి. ఇంటికెళ్ళాక అమ్మని, అవ్వని కూర్చోబెట్టి చెప్పండి. కోప్పడకుండా చెప్పండి.



జై హింద్.